మీ టీమ్ చిత్తుగా ఓడిందా? మూడు సెట్లు వెనక్కి వెళ్లి చూడండి

శుక్రవారం రాత్రి మీ రగ్బీ లీగ్ టీమ్ 44-6తో ఓడిపోయింది అనుకుందాం. వాట్సాప్ గ్రూపు మోగిపోతూ ఉంటుంది. ఒకడు కోచ్‌ని పీకేయాలంటాడు, ఇంకొకడు హాఫ్‌బ్యాక్‌కి (ఆట నడిపించేవాడికి) చేతకాదంటాడు, మూడోవాడు రిఫరీ మీద పడతాడు, పొద్దున్నుంచీ మాట్లాడనివాడు కూడా వచ్చి "నేను ముందే చెప్పాను" అంటాడు. ఆ రాత్రికి వాళ్లని అలా వదిలేయండి. మీకూ కడుపు మండితే నాలుగు తిట్లు తిట్టుకోండి, తప్పేం లేదు, కానీ ఏదీ తేల్చకండి. ఓడిన రాత్రి మాట్లాడే మాటలు దాదాపు అన్నీ స్కోరు బోర్డు చూసి అనేవే.

ఇది ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియాలో జరిగే పెద్ద రగ్బీ లీగ్ పోటీ) చూసే తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను, అందులోనూ క్రికెట్ చూసి చూసి ఈ ఆటలోకి వచ్చినవాళ్ల కోసం. క్రికెట్‌లో వికెట్ ఎందుకు పడిందో చాలాసార్లు ఆ బంతిలోనే తెలిసిపోతుంది. రగ్బీ లీగ్‌లో మన మీద ట్రై (బంతిని లైన్ దాటించి నేలకి ఆన్చడం) ఎందుకు పడిందో ఆ ట్రై రీప్లేలో ఎంత వెతికినా దొరకదు, అది అంతకు ముందు నాలుగైదు నిమిషాల్లో ఎక్కడో జరిగిపోయి ఉంటుంది.

నేను దీన్ని సిగ్గుపడి నేర్చుకున్నాను. ఒక సీజన్‌లో మా టీమ్ వింగర్ ఒకతను వరసగా రెండు మ్యాచ్‌ల్లో తన మూలలో మూడేసి ట్రైలు వదిలేశాడు, నేను అతన్ని తిట్టని రోజు లేదు. తర్వాత ఒక ఆదివారం పనేమీ లేక ఆ మ్యాచ్ మళ్లీ పెట్టుకుని చూస్తే, పాపం అతను ప్రతిసారీ ఇద్దరు మనుషులకి ఒక్కడే ఎదురు నిలబడి ఉన్నాడు. లోపల ఉండాల్సిన సెంటర్ ఇంకా లోపలికి లాగబడ్డాడు, ఎందుకంటే అతని పక్కనున్న సెకండ్ రోయర్ అంతకు ముందు నిమిషంలోనే రెండు ట్యాకిల్స్ చేసి నేల మీద నుంచి లేచి వస్తున్నాడు. అందరి కంటే చివర ఉన్నవాడు వింగర్ కాబట్టి టీవీలో దొంగలా అతనే దొరికాడు.

అందుకని ఇక్కడ చెప్పే పద్ధతి ఒక్కటే. ట్రై పడిన చోట ఆగిపోకుండా, అక్కడి నుంచి మూడు సెట్లు (ఒక్కో జట్టు చేతిలో బంతి ఉండే విడతలు) వెనక్కి వెళ్లి చూడటం. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

ముందు స్కోరు సంగతి

ఈ ఆటలో పెద్ద స్కోర్లు ఎందుకు వస్తాయో తెలియకపోతే 44-6 చూసి గుండె ఆగుతుంది. ట్రైకి 4 పాయింట్లు, ఆ తర్వాత పోస్టుల మధ్యలోంచి కొట్టే కన్వర్షన్ కిక్‌కి 2. అసలు కిటుకు కిక్ ఆఫ్‌లో ఉంది. ఫుట్‌బాల్‌లో గోల్ తిన్న జట్టు బంతి తీసుకుని మొదలుపెడుతుంది. ఇక్కడ అలా కాదు, పాయింట్లు ఇచ్చిన జట్టే బంతిని తన్ని అవతలివాళ్లకి ఇస్తుంది. అంటే ఇప్పుడే ట్రై తిన్నారు, రొప్పుతూ గోల్ పోస్టుల కింద నిలబడ్డారు, రెండు నిమిషాల్లో మళ్లీ వాళ్ల చేతికే బంతి ఇచ్చి మళ్లీ ట్యాకిల్స్ చేయాలి. పది నిమిషాల్లో మూడు ట్రైలు పడి 18 పాయింట్లు పోయాయంటే ఆ పది నిమిషాల్లో మీ టీమ్ బంతి ముట్టుకుని ఉండకపోవచ్చు కూడా.

కాబట్టి మొదటి పని, ఒక కాగితం మీద మన మీద పడిన ట్రైల నిమిషాలు రాయండి. 12, 15, 19 అని ఒక చోట ముద్దగా ఉండి తర్వాత చాలాసేపు ఏమీ లేదంటే అది ఒక్క కుప్పకూలడం, దాని మూలం వెతికితే దొరుకుతుంది. 9, 21, 33, 44, 52, 61, 70, 78 అని అటూ ఇటూ సమంగా పరుచుకుని ఉంటే మాత్రం అది వేరే కథ, ఆ రోజు వాళ్లు ఏ పావుగంటలోనూ మనకంటే కింద లేరన్నమాట. చాలామంది ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు.

ఆ నిమిషాల పక్కనే ఇంకో గీత గీయండి, మనవాళ్లలో ఎవరైనా తప్పు చేసి సిన్ బిన్‌కి (పది నిమిషాలు బయటికి) వెళ్లిన సమయం. 13 మంది ఆటలో పది నిమిషాలు 12 మందితో ఆడటమంటే మాటలు కాదు. ఇక సెండ్ ఆఫ్ (ఆట మొత్తానికి బయటికి పంపడం) అయితే చెప్పక్కర్లేదు. 2024 స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల మధ్య మూడు మ్యాచ్‌ల సిరీస్) మొదటి మ్యాచ్‌లో న్యూ సౌత్ వేల్స్ ఆటగాడు జోసెఫ్ సువాలీ 8వ నిమిషంలోనే బయటికి పోయాడు, మిగతా ఆటంతా 12 మందే. క్వీన్స్‌లాండ్ 38-10తో గెలిచింది. స్కోరు ఒక్కటే చూస్తే ఆ సిరీస్ అయిపోయినట్టే. మూడు వారాల తర్వాత మెల్‌బోర్న్‌లో అదే న్యూ సౌత్ వేల్స్ సగం ఆటకి 34-0తో ముందుంది, 38-18తో గెలిచింది, తర్వాత బ్రిస్బేన్‌లో 14-4తో సిరీస్ కూడా పట్టుకుపోయింది. మొదటి ఓటమి తర్వాత హాఫ్‌బ్యాక్ మారాడు, నిక్కో హైన్స్ బదులు మిచెల్ మోసెస్ వచ్చాడు, అది నిజమే, కానీ అన్నిటికంటే ముందు వాళ్లకి పదమూడో మనిషి తిరిగొచ్చాడు. ఆ న్యూ సౌత్ వేల్స్ కోచ్ పేరు మైకేల్ మగ్వైర్, గుర్తుంచుకోండి, ఈయన మళ్లీ వస్తాడు.

మూడు సెట్లు వెనక్కి

ఇప్పుడు మ్యాచ్ మళ్లీ పెట్టండి. కామెంటరీ సౌండ్ తీసేయండి, అది పెట్టుకుంటే మీ కళ్లు వాళ్ల నోటి వెంట పోతాయి. మొత్తం 80 నిమిషాలు చూడక్కర్లేదు, పడిన ట్రైలలో ఒక ఐదారు తీసుకుంటే చాలు.

సెట్ అంటే ఆరు ట్యాకిల్స్. బంతి ఉన్నవాళ్లని ఆరోసారి పట్టేసుకుంటే బంతి అవతలివాళ్లది, అందుకే సాధారణంగా ఐదో ట్యాకిల్ అయ్యాక కిక్ కొడతారు. కబడ్డీ ఆడినవాళ్లకి పట్టు సంగతి తెలుసు కదా, పట్టిన ప్రతిసారీ అందరూ మళ్లీ 10 మీటర్లు వెనక్కి పరిగెత్తి వరస కట్టాలని కూడా ఊహించుకోండి. ఒక్క సెట్‌కి డిఫెన్స్ అలా ఐదారుసార్లు వెనక్కీ ముందుకీ పరిగెత్తుతుంది. ఎన్‌ఆర్‌ఎల్‌లో ఆట మొత్తానికి ఇంటర్‌చేంజ్‌లు ఎనిమిదే, కాబట్టి అలసిన ప్రతివాణ్నీ బయటికి తీసి ఊపిరి పీల్చుకోనివ్వడం కుదరదు. ఆ అలసట అప్పులాంటిది, తీసుకున్నప్పుడు ఏమీ అనిపించదు, పావుగంట తర్వాత వడ్డీతో సహా మూలలో ట్రై అయి కూర్చుంటుంది.

ఒక ఉదాహరణ నేనే కల్పించి చెబుతాను, ఇలాంటివి ప్రతి వారం చూస్తారు. 28వ నిమిషంలో ఎడమ మూలలో ట్రై పడింది, మన సెంటర్ ట్యాకిల్ మిస్ చేశాడు, టీవీలో అతని మొహం మూడుసార్లు చూపించారు. వెనక్కి తిప్పండి. అదే సెట్‌లో మనవాడొకడు ట్యాకిల్ చేశాక మనిషి మీద నుంచి లేవకుండా ఒక సెకను ఎక్కువ పడుకున్నాడు, రిఫరీ సిక్స్ అగైన్ ఇచ్చాడు, లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. ఇంకొంచెం వెనక్కి. మన సెట్, రెండో ట్యాకిల్‌లో ప్రాప్ (ముందు వరసలో ఆడే బరువైనవాడు) బంతి వదిలేశాడు, అది కూడా మన గోల్ లైన్‌కి 30 మీటర్ల దగ్గర. ఇంకా వెనక్కి. వాళ్ల కిక్ మన ఫుల్‌బ్యాక్ లైన్ పక్కనే అందుకున్నాడు, అతన్నీ తర్వాత పరిగెత్తిన ఇద్దరినీ కదలనివ్వకుండా ముగ్గురేసి కలిసి వెనక్కి నెట్టేశారు, ఐదు ట్యాకిల్స్‌లో 30 మీటర్లు దాటలేదు, మనం కొట్టిన కిక్ సగం మైదానంలోనే పడింది, వాళ్లు హాయిగా తిరిగొచ్చారు.

ఇప్పుడు చెప్పండి, ఆ సెంటర్ ట్యాకిల్ మిస్ చేయడం కారణమా, లేక లెక్కలో చివరి అంకెనా? మూలం మన లైన్ దగ్గర నుంచి బయటికి రాలేకపోవడంలో ఉంది. ఆ పని చేయాల్సింది వెనకున్న ఐదుగురూ (ఫుల్‌బ్యాక్, వింగర్లు, సెంటర్లు), ప్రాప్‌లూ. వాళ్ల పేర్లు శుక్రవారం రాత్రి గ్రూపులో ఒక్కడైనా అన్నాడా?

ఇలా ఐదారు ట్రైలకి చేసి, ఒక్కోదాని పక్కన మూలం ఒక ముక్కలో రాయండి. చేతిలో బంతి జారడం, పెనాల్టీలూ సిక్స్ అగైన్‌లూ, లైన్ దగ్గర నుంచి బయటపడలేకపోవడం, కిక్ పాడవడం, అంచుల్లో, అంటే మైదానం రెండు పక్కల, మాట కలవకపోవడం. మామూలుగా ఒకటో రెండో పదేపదే వస్తాయి. ఐదు ట్రైలకి ఐదు రకాల మూలాలు వచ్చాయంటే మీరు సరిగా వెనక్కి వెళ్లలేదు, లేదంటే నిజంగానే టీమ్ పరిస్థితి అంత ఘోరంగా ఉంది.

వీటిలో జనం సరిగా చూడనిది రక్ వేగం. అంటే పట్టుకున్నాక బంతి ఉన్నవాడు ఎంత త్వరగా లేచి, కాలి కింద నుంచి బంతి వెనక్కి దొర్లించి ఆట మళ్లీ మొదలుపెడతాడన్నది. యూనియన్ రగ్బీలోలా ఇక్కడ పడ్డ బంతి కోసం కొట్టుకోరు, కాబట్టి పోటీ అంతా ఆ సెకన్ల మీదే. వాడు గబుక్కున లేస్తే మన డిఫెన్స్ ఇంకా వెనక్కి నడుస్తూనే ఉంటుంది, డమ్మీ హాఫ్ (వెనక నిలబడి ఆ బంతి అందుకునేవాడు) బంతి తీసుకుని మధ్యలోంచి ఉరికేస్తాడు. 2020 సీజన్ మధ్యలో సిక్స్ అగైన్ వచ్చాక ఇది ఇంకా పెరిగింది. అంతకు ముందు రక్ దగ్గర తప్పు చేస్తే పెనాల్టీ, ఆట ఆగేది, ఊపిరి పీల్చుకునేవాళ్లు. ఇప్పుడు చాలాసార్లు ఆట ఆగదు, గంట మోగుతుంది, లెక్క మొదటికి వస్తుంది, మనవాళ్ల ఊపిరి మాత్రం మొదటికి రాదు. కాబట్టి వెనక్కి తిప్పి చూసేటప్పుడు బంతి ఉన్నవాణ్ని వదిలేసి, పట్టుకున్నవాళ్లని చూడండి. వాళ్లు ఇద్దరా ముగ్గురా, నడుం దగ్గర పట్టారా కాళ్ల దగ్గర పట్టారా, వాడు వీపు మీద పడ్డాడా పొట్ట మీద పడ్డాడా. పొట్ట మీద మోచేతులు ఆన్చి పడ్డవాడు చటుక్కున లేస్తాడు. వీపు మీద పడితే తిరిగి లేవడానికి టైమ్ పడుతుంది, మన వరస కుదురుకుంటుంది. ఇది తెలిశాక నాకు ఆటే వేరేగా కనిపించడం మొదలైంది.

ఇక కంప్లీషన్ రేట్ అనే అంకె ప్రతి మ్యాచ్ తర్వాత తెర మీద కనిపిస్తుంది, ఎన్ని సెట్లు బంతి పోగొట్టుకోకుండా పూర్తి చేశారన్నది. 80 శాతం దగ్గరుంటే బాగున్నట్టు, 70 కంటే కిందికి పోతే ఒళ్లు దగ్గర పెట్టుకోలేదన్నట్టు చెబుతారు. పనికొచ్చే అంకే, కానీ దాన్ని నమ్ముకుని మోసపోకండి. ఆఫ్‌లోడ్ (పట్టుబడుతూనే పక్కవాడికి పాస్) చేయకుండా, పాస్ కూడా భయంభయంగా వేసుకుంటూ, ఐదుసార్లు నేరుగా వెళ్లి గుద్దుకుని కిక్ కొట్టే టీమ్‌కి కంప్లీషన్ బ్రహ్మాండంగా ఉంటుంది, పాయింట్లే ఉండవు. 85 శాతంతో 30 పాయింట్ల తేడాతో ఓడిన టీమ్‌కి ఉన్న రోగం, 65 శాతంతో ఓడిన టీమ్‌కి ఉన్న రోగం కంటే పెద్దది. బంతి జారడం ప్రాక్టీసులో సర్దుకుంటుంది. ఏం చేయాలో తోచకపోవడం అంత తేలిగ్గా సర్దుకోదు.

రిఫరీ గురించి ఎక్కువ రాయను. బంకర్ (వీడియో రిఫరీ) నిర్ణయం ఒకటి తప్పే అయ్యుండొచ్చు. 38 పాయింట్ల తేడా ఉంటే దాన్ని కాగితం మీద రాయకండి.

ఒక్కరాత్రి జ్వరమా, పాత జబ్బా

అసలు తెలుసుకోవాల్సింది ఇదే. ఒక్క మ్యాచ్ నుంచి ఇది తేలదు, అందుకే ముందు నాలుగు మ్యాచ్‌ల్లో పడిన ట్రైలు కూడా కొంచెం తిరగేయాలి. మీ కాగితం మీద కనిపించిన మూలం అక్కడ కూడా ఉందా, గెలిచిన మ్యాచ్‌ల్లో కూడా ఉందా? గెలిచినప్పుడు ఎవరూ వెనక్కి తిప్పి చూడరు కదా. చాలా జబ్బులు గెలుపుల్లోనే మొదలవుతాయి.

కొన్ని కథలు చెబుతాను, నాకు ఇవి ప్రతి ఓటమి తర్వాత గుర్తొస్తాయి.

2015లో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ సీజన్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. ఆ తర్వాత వరసగా 11 గెలిచింది, అక్టోబర్‌లో బ్రిస్బేన్ బ్రాంకోస్ మీద గ్రాండ్ ఫైనల్ (టైటిల్ తేల్చే మ్యాచ్) 17-16తో గెలిచింది, అదీ ఎలా, చివరి క్షణంలో కౌబాయ్స్ ఆటగాడు కైల్ ఫెల్ట్ మూలలో ట్రై వేసి 16-16 చేస్తే, వాళ్ల హాఫ్‌బ్యాక్ జొనాథన్ థర్స్టన్ కొట్టిన కన్వర్షన్ పోస్టుకి తగిలి బయటికి పోయి, గోల్డెన్ పాయింట్‌లో (ముందు పాయింట్ కొట్టినవాళ్లే గెలిచే అదనపు సమయంలో) కిక్ ఆఫ్‌ని బ్రిస్బేన్ ఆటగాడు బెన్ హంట్ వదిలేసి, అప్పుడు థర్స్టన్ 1 పాయింట్ ఫీల్డ్ గోల్ కొట్టి. మార్చిలో మూడు ఓడగానే కొంప మునిగిందని రాసినవాళ్లు ఏమయ్యారో తెలియదు.

పెన్రిత్ పాంథర్స్ 2020లో 17 వరస గెలుపులతో గ్రాండ్ ఫైనల్‌కి వచ్చి మెల్‌బోర్న్ స్టార్మ్ చేతిలో సగం ఆటకి 22-0తో వెనకబడింది. పెన్రిత్ హాఫ్‌బ్యాక్ నేథన్ క్లియరీ వేసిన పాస్‌ని మెల్‌బోర్న్ ఆటగాడు సులియాసి వునివాలు మధ్యలో పట్టుకుని ట్రై చేసేశాడు. చివరికి మెల్‌బోర్న్ 26-20తో గెలిచింది. చివర్లో చాలా దగ్గరికి వచ్చింది కదా, ఇంకొంచెం దూకుడుగా ఆడితే చాలు అని ఎవరైనా అనుకోవచ్చు. మరుసటి ఏడు వాళ్లు ఎలా గెలిచారో స్కోర్లు చూడండి. 2021 ఫైనల్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే మ్యాచ్‌లు) మొదటి వారంలో సౌత్ సిడ్నీ చేతిలో 16-10తో ఓడారు, అది నాకౌట్ కాదు కాబట్టి బతికారు, తర్వాత పరమట్టా మీద 8-6, మెల్‌బోర్న్ మీద 10-6, గ్రాండ్ ఫైనల్‌లో మళ్లీ సౌత్ సిడ్నీ మీద 14-12. మూడు నాకౌట్ మ్యాచ్‌లు కలిపి అవతలివాళ్లకి ఇచ్చింది 24 పాయింట్లు. ఆ డిఫెన్స్ మీదే నిలబడి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్లు కొట్టారు.

బ్రిస్బేన్‌ది ఇంకో రకం. 2023 గ్రాండ్ ఫైనల్‌లో ఎజ్రా మామ్ మూడు ట్రైలు వేస్తే 24-8తో ముందున్నారు, చివరి 20 నిమిషాల్లో పెన్రిత్ మూడు ట్రైలు వేసి 26-24తో లాక్కుంది. అలాంటి ఓటమి మనుషుల్ని తినేస్తుంది. మరుసటి ఏడాది అదే టీమ్, దాదాపు అదే మనుషులు, 12వ స్థానంలో తేలారు. కోచ్ కెవిన్ వాల్టర్స్ తప్పుకున్నాడు, మగ్వైర్ వచ్చాడు. 2025 గ్రాండ్ ఫైనల్‌లో మెల్‌బోర్న్ మీద సగం ఆటకి 22-12తో వెనకబడి, రెండో సగంలో ఒక్క పాయింటూ ఇవ్వకుండా 26-22తో గెలిచారు. రెండేళ్ల కింద 16 పాయింట్ల ఆధిక్యం చేజార్చుకున్నవాళ్లే, ఈసారి తామే వెనక నుంచి వచ్చి గెలిచారు.

అయితే కోచ్‌ని మారిస్తే సరిపోతుందా? ఆగండి. ఇదే మగ్వైర్‌ని 2022 సీజన్ మధ్యలో వెస్ట్స్ టైగర్స్ తీసేసింది. తీసేశాక ఏమైంది? 2022లో టైగర్స్ చిట్టచివర నిలిచింది, దీన్నే వుడెన్ స్పూన్ అంటారు. 2023లోనూ అదే, ఆ ఏడు కౌబాయ్స్ చేతిలో 74-0. 2024లోనూ అదే. మధ్యలో ఇంకా కోచ్‌లు మారారు. ఆయన మాత్రం 2024లో ఆరిజిన్ గెలిచాడు, 2025లో టైటిల్ గెలిచాడు. ఒకే మనిషి ఒక చోట పనికిరాడు, ఇంకో చోట మొనగాడు. కోచ్ వల్ల తేడా రాదని నేను అనడం లేదు, బ్రిస్బేన్‌లో వచ్చింది కదా, కానీ టైగర్స్ లాంటి చోట జబ్బు కోచ్ కుర్చీ కంటే కింద ఎక్కడో ఉందని ఆ మూడేళ్లూ చెబుతున్నాయి. శుక్రవారం రాత్రి "కోచ్‌ని పీకేయాలి" అన్నవాణ్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే, ఎవరిని తెస్తావు, వాడొచ్చి సోమవారం ప్రాక్టీసులో ఏం మారుస్తాడు?

ఆ వారమంతా ఏం చూడాలి

మ్యాచ్ అయ్యాక కోచ్ ప్రెస్‌మీట్ చూడండి, పది నిమిషాలు పోతాయి అంతే. ఆయన ఏం అన్నాడన్నదాని కంటే ఏ రకం తప్పు గురించి అన్నాడన్నది పట్టుకోండి. "ఎఫర్ట్ సరిపోలేదు" అంటే నాకు పెద్ద టెన్షన్ ఉండదు, మనుషులు సిగ్గుపడి వారంలో సర్దుకునే తప్పు అది, కనీసం ఒక్క మ్యాచ్‌కైనా. "అంచుల్లో కాంబినేషన్ కుదరడం లేదు" అన్నాడంటే అది నెలల వ్యవహారం. ప్రతి వారం అదే మాట, అదే మొహం, "మాకు మేమే నష్టం చేసుకున్నాం" అంటుంటే మాత్రం ఆయన దగ్గర కూడా జవాబు లేదనుకోవాలి.

మంగళవారం సాయంత్రం టీమ్ లిస్టులు వస్తాయి. ఓడిన టీమ్ లిస్టు ఒక ఉత్తరంలాంటిది. ఆరేడు మార్పులు ఉన్నాయా, అది కోపంలో రాసిన ఉత్తరం. ఎవరికీ ఎవరితో అలవాటు ఉండదు, అంచుల్లో ఎవడు ఎవణ్ని పట్టాలో తెలియదు, తర్వాతి వారం ఇంకోలా ఓడతారు. ఒక్క మార్పు కూడా లేదా, అది మొండితనమో నమ్మకమో మీ కాగితం చూస్తే తెలుస్తుంది. నాకు నచ్చేది ఒకటి రెండు మార్పులు, అవీ కాగితం మీద మీరు రాసిన మూలం దగ్గరే ఉంటే. లైన్ దగ్గర నుంచి బయటికి రాలేకపోతున్న టీమ్ హాఫ్‌బ్యాక్‌ని మార్చిందంటే పన్ను నొప్పికి కాలికి కట్టు కట్టినట్టే.

లిస్టులో మార్పులన్నీ కోచ్ ఇష్టం కూడా కాదు. గాయాలుంటాయి, మ్యాచ్ రివ్యూ కమిటీ సస్పెన్షన్లుంటాయి. తల దెబ్బ తగిలి కంకషన్ అని తేలితే 2023 నుంచి కనీసం 11 రోజులు పక్కన కూర్చోవాలి, అంటే తర్వాతి మ్యాచ్ మామూలుగా పోయినట్టే. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య ఎన్ని రోజులున్నాయో కూడా చూడండి. చిత్తుగా ఓడి, ఐదు రోజులకే మళ్లీ ఆడాలంటే ప్రాక్టీసుకి టైమ్ ఎక్కడిది, ఐస్ బాత్‌లూ ప్రయాణాలూ పోగా ఒక్క రోజు గట్టిగా మిగిలితే గొప్ప. ఆ వారం అద్భుతాలు ఆశించకండి. ఆరిజిన్ రోజుల్లో అయితే మంచి ఆటగాళ్లు నలుగురు రాష్ట్ర జట్లకి పోయిన టీమ్ ఓటమిని అసలు లెక్కలోకే తీసుకోను నేను.

ల్యాడర్ (పాయింట్ల పట్టిక) చూసి భయపడటం కూడా ఒక కళే, సరిగా చూడాలి. గెలిస్తే 2 పాయింట్లు, బై (మ్యాచ్ లేని వారం) వచ్చినా 2 పాయింట్లే, అందుకని మీ టీమ్‌కి ఇంకా బై రాకుండా పక్కవాళ్లకి రెండు అయిపోయి ఉంటే వాళ్లు పైన కనిపించడంలో అర్థం లేదు. ఓటముల సంఖ్య పోల్చండి, అది అబద్ధం చెప్పదు. 24 మ్యాచ్‌ల సీజన్‌లో ఈ మధ్య 8వ స్థానానికి, అంటే ఫైనల్స్‌కి వెళ్లే చివరి స్థానానికి, 12, 13 గెలుపులు పట్టాయి, కాబట్టి 11 ఓడినా ఫైనల్స్ ఆడొచ్చు. కాకపోతే 38 పాయింట్ల తేడాతో ఓడిన రాత్రి ఫర్ అండ్ అగైన్‌స్ట్‌లో (సీజన్ మొత్తంలో కొట్టిన, ఇచ్చిన పాయింట్ల తేడాలో) పడిన గొయ్యి సెప్టెంబర్‌లో పనికిమాలిన సమయంలో ఎదురొస్తుంది. సమాన పాయింట్లుంటే అదే తేల్చేది.

తర్వాతి మ్యాచ్, మొదటి 20 నిమిషాలు

పాత కాగితం పక్కన పెట్టుకుని కూర్చోండి. స్కోరు మీద కాక కొన్ని చిన్న విషయాల మీద కన్నేయండి. మనం కిక్ కొట్టాక వెంట ఎంతమంది పరిగెత్తుతున్నారు, ఒకే వరసలో వెళ్తున్నారా, లేక ఇద్దరు ముందు ఉరికి మిగతావాళ్లు నడుస్తున్నారా. ట్యాకిల్ చేసినవాడు మార్కర్‌గా లేచి ఎదురుగా నిలబడి, మళ్లీ రెండో పరుగు తీస్తున్నాడా. వాళ్లు లైన్ బ్రేక్ చేసినప్పుడు, అంటే మన వరస చీల్చుకుని పోయినప్పుడు, మనవాళ్లలో ఎంతమంది వెనక్కి పరిగెత్తారు, దొరకడని తెలిసినా పరిగెత్తారా. మూలలో ట్రై పడబోతుంటే అవతలి వింగర్ ఇటు దాకా వచ్చాడా. ఇవి స్టాట్స్‌లో పెద్దగా కనిపించవు, అంచనా వేయడానికి వీటికంటే మంచివి నాకు దొరకలేదు.

ఆ మూలం దగ్గర ఏమైనా మారిందా అన్నది రెండోది. ముందు వారం లైన్ దగ్గర నుంచి 30 మీటర్లే వచ్చినవాళ్లు ఇప్పుడు సగం మైదానం దాకా వస్తున్నారా? అయితే 18-16తో ఓడినా నేను సంతోషంగా నిద్రపోతాను. దానికి ఉల్టా కూడా ఉంటుంది, అట్టడుగున ఉన్న టీమ్ మీద 36-20తో గెలిచి గ్రూపులో అందరూ గంతులేస్తుంటే, ఆ 20 పాయింట్లు ఎలా పడ్డాయో వెనక్కి తిప్పి చూడండి. మళ్లీ అదే రక్ దగ్గర అదే ఒక్క సెకను, అదే అంచులో అదే ఖాళీ కనిపించాయంటే పాత కాగితం పారేయకండి, దాని కిందే ఈ మ్యాచ్ నిమిషాలు కూడా రాసుకోండి. గ్రూపులో మాత్రం ఆ రాత్రికి ఏమీ అనకండి, గెలిచిన రోజు ఇలాంటివి మాట్లాడేవాణ్ని ఎవరూ ఇష్టపడరు, నన్ను రెండుసార్లు మ్యూట్ చేశారు.